చప్పుడు లేని టాపిట్

ఇంజను తల దగ్గర టకటకమని చప్పుడు వస్తుంటే జనం కంగారు పడతారు. అదే చప్పుడు కొన్నాళ్లకు తగ్గిపోయి ఇంజను మెత్తగా తిరుగుతుంటే సంతోషిస్తారు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు విప్పడం, బిగించడంలోనే నా వయసంతా గడిచింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను, భయపడాల్సింది ఆ రెండోదానికి. టకటకలాడే టాపిట్ కాస్త శక్తి తింటుంది, కాస్త అరుగుతుంది, అయినా మనిషిని ఇంటికి చేరుస్తుంది. చప్పుడు లేకుండా బిగుసుకుపోయిన టాపిట్ లోపల వాల్వును కాల్చేస్తుంది. రోడ్డు మీద ఆ పని జరిగితే ఇంకో ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు. చెరువు నడుమ జరిగితే పోవడానికి దారి లేదు.

మా షాపు అలియాబాద్‌లో, లాల్‌దర్వాజా నుంచి ఫలక్‌నుమా వైపు పోయే దారిలో ఉంది. నాన్న కాలం నుంచి బుల్లెట్ బండ్లే మా అన్నం. ఇప్పుడు బుల్లెట్లతో పాటు ఎల్పీజీ ఆటోలు, పెళ్లి పందిళ్లకు కరెంటు ఇచ్చే జనరేటర్లు, పడవ మోటార్లు కూడా వస్తున్నాయి. పాతబస్తీలో పడవ మోటారు ఏమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. పడవ అంటే మన తెలుగువాళ్లకు కాకినాడ రేవో, విశాఖ తీరమో, గోదావరి లాంచీలో గుర్తుకొస్తాయి. కానీ హైదరాబాద్ చెరువుల మీద లేచిన ఊరు. మా షాపు నుంచి బహదూర్‌పురా దాటితే జూపార్కు, దాని వెనకే మీర్ ఆలం చెరువు.

ఆ చెరువు కట్టను చూడనివాళ్లు ఒకసారి పోయి చూడాలి. నిజాం దివాను మీర్ ఆలం పేరు మీద 19వ శతాబ్దం మొదట్లో కట్టారు. మామూలు కట్టలా ఒకటే మట్టి గట్టు కాదు. 21 రాతి కమానులు పక్కపక్కనే, ఒక్కొక్కటి వీపును నీళ్ల వైపు వంచి నిలబడి ఉంటాయి. నీళ్లు ఎంత తోస్తే కమాను అంత గట్టిగా బిగుసుకుంటుంది. సిమెంటు, ఇనుప కడ్డీలు వాడని రోజుల్లో ఆ లెక్క వేసినవాళ్ల తెలివికి, ఇన్నేళ్లు మరమ్మతులు పట్టిన పనివాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరం తాగిన నీళ్లలో ఇవీ ముఖ్యం. ఇప్పుడు ఆ నీళ్ల మీద గుర్రపుడెక్క పరుచుకుంటోంది. దాన్ని తీయడానికి పడవలు కావాలి, పడవలకు మోటార్లు కావాలి. ఆ మోటార్లలో ఒకటి రెండు చివరికి మా షెడ్డుకు చేరతాయి.

పడవ వెనక పలకకు బయటివైపు బిగించే మోటారును అవుట్‌బోర్డ్ అంటారు. పైన ఇంజను, నడుమ పొడుగాటి కాలు, కింద నీళ్లలో తిరిగే పంఖా. అమెరికాలో మిల్వాకీ ఊళ్లో ఓలె ఎవిన్‌రూడ్ 1909లో వీటిని అమ్మడం మొదలుపెట్టాక ప్రపంచమంతా పాకాయి. చాలా కాలం ఇవి దాదాపు అన్నీ టూ స్ట్రోక్ మోటార్లే. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తారు, అది పొగతో పాటు నీళ్లలోకి పోతుంది. హోండా కంపెనీ 1964లో ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ తెచ్చింది. 1990ల్లో కాలుష్యం మీద చట్టాలు గట్టిపడ్డాక మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, పాత మోటారు కొన్నవాళ్లు నా దగ్గరికి వచ్చి టాపిట్ చూడమంటారు, తీరా చూస్తే అది టూ స్ట్రోక్. అందులో టాపిట్లే ఉండవు. గాలి లోపలికి పోయే దగ్గర పల్చటి ఉక్కు రేకులు ఉంటాయి, అవే తెరుచుకుని మూసుకుంటాయి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాల్సిన మోటారైతే ఈ వ్యాసంలోని పని మీకు అక్కరలేదు. ఇంజను పక్కన ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ ఉందంటే మాత్రం మీది ఫోర్ స్ట్రోక్. ఇక్కడి నుంచి చదవండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండర్‌కు కనీసం రెండు వాల్వులు. ఇన్‌లెట్ వాల్వు పెట్రోలు కలిసిన గాలిని లోపలికి వదులుతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలిన వాయువును బయటికి పంపుతుంది. పిస్టన్ నాలుగు సార్లు కదిలితే ఒక చక్రం పూర్తవుతుంది. పీల్చడం, నొక్కడం (కంప్రెషన్), పేలడం, వదలడం. నొక్కేటప్పుడు, పేలేటప్పుడు రెండు వాల్వులూ గట్టిగా మూసుకుని ఉండాలి. మోటారు నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 2500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది, అంటే సెకనుకు నలభై సార్లకు పైనే. కామ్ ఇరుసు మీదున్న గుడ్డు ఆకారపు గుబ్బ రాకర్ అనే చిన్న చేతిని తోస్తుంది, రాకర్ వాల్వు కాండాన్ని నొక్కుతుంది. రాకర్ కొనకూ కాండం కొనకూ నడుమ ఒక చిన్న సందు వదిలిపెడతారు. టాపిట్ సెట్ చేయడం అంటే ఆ సందును సరిచేయడం.

ఆ సందు ఎందుకంటే, ఇనుము వేడికి సాగుతుంది. పూర్తి లోడు మీద ఎగ్జాస్ట్ వాల్వు తల వేడి 600 డిగ్రీలు దాటుతుంది. కాండం పొడుగు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే కాండం రాకర్‌ను తన్ని ఆగుతుంది, తల తన సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఎగ్జాస్ట్ వాల్వుకు పట్టిన వేడిలో సుమారు ముప్పావు వంతు సీటు మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే సిలిండర్ హెడ్డులోకి దిగిపోతుంది. సరిగ్గా కూర్చోకపోతే వేడి దిగదు. పైగా పేలిన మంట ఆ వెంట్రుకంత సందులోంచి దూసుకుపోతుంది. కొన్ని గంటల నడకలో వాల్వు అంచు ఒక చోట కాలి గంటు పడుతుంది. గంటు పడ్డాక ఎన్నిసార్లు టాపిట్ సెట్ చేసినా ఆ సిలిండర్ బలం తిరిగి రాదు.

పాతబస్తీలో ఈ విద్య బుల్లెట్ల దగ్గర నేర్చుకున్నవాళ్లమే అందరం. మద్రాసులో 1955 నుంచి తయారైన ఆ బండి పాత ఇనుప ఇంజనుకు కుడివైపు సిలిండర్ కింద చిన్న మూత ఉంటుంది. ఆ మూత తీస్తే, కామ్ తోపును పైనున్న రాకర్లకు చేర్చే రెండు పుష్‌రాడ్ల అడుగులు కనిపిస్తాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్‌ను కంప్రెషన్ పైకి తెచ్చి, పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పి చూడాలి. అది సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. గేజు అక్కరలేదు, కొలతంతా వేళ్లలోనే ఉంటుంది. మా ఉస్తాద్ కళ్లు మూసుకుని తిప్పమనేవాడు. ఇంజను వేడిగా ఉందా అని మూడుసార్లు అడిగేవాడు. ఆ తర్వాత వచ్చిన కొత్త ఇంజన్లలో హైడ్రాలిక్ టాపిట్లు పెట్టారు, ఆయిల్ ఒత్తిడితో అవి తమంతట తామే సందు చూసుకుంటాయి. దాంతో వేళ్లతో తిప్పి చూసే పని నేటి కుర్రాళ్లకు తక్కువైంది. ఆ విద్య పోకూడదని నా ఆరాటం.

బుల్లెట్ దగ్గరే ఒక చెడ్డ అలవాటు కూడా పుట్టింది. గిరాకీ వచ్చి "ఉస్తాద్, టాపిట్ కీ ఆవాజ్ బంద్ కర్దో" అంటాడు. మెకానిక్ వాదించడు. అడ్జస్టర్‌ను పావు చుట్టు బిగిస్తాడు. చప్పుడు పోతుంది, గిరాకీ డబ్బులిచ్చి నవ్వుతూ పోతాడు. నాలుగు నెలలకు బండి కిక్కు కొడితే లేవదు, పొద్దున బాగానే ఉండి ట్రాఫిక్‌లో ఆగిపోతుంది. అప్పుడు కార్బురేటర్ విప్పుతారు, ప్లగ్గు మారుస్తారు, కాయిల్ మారుస్తారు. టాపిట్ వైపు ఎవరూ చూడరు, ఎందుకంటే అది చప్పుడు చేయడం లేదు.

ఇంజను పాతబడేకొద్దీ సందు పెరుగుతుందని చాలామంది నమ్మకం. రాకర్ కొనలు, కామ్ అరిగితే సందు పెరుగుతుంది, నిజమే. కానీ వాల్వు సీటు అరిగితే వాల్వు తల లోపలికి కుంగుతుంది, కాండం రాకర్ వైపు పైకి వస్తుంది, సందు తగ్గుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోటీ పడుతుంటాయి. ఎక్కువ వేడి తినే ఎగ్జాస్ట్ వైపు చాలాసార్లు సీటే ముందు ఓడిపోతుంది. పాత రోజుల్లో పెట్రోల్లో సీసం కలిపేవారు, అది సీటు మీద పల్చటి పూతలా పట్టి అరుగుదలను ఆపేది. మనుషుల ఊపిరికి అది విషం కాబట్టి తీసేశారు, మంచి పని చేశారు. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. సీసపు పెట్రోలు కోసం మెత్తని సీట్లు వేసిన అంతకుముందరి ఇంజన్లు మాత్రం ఆనాటి నుంచి కొంచెం కొంచెంగా సీటును తింటున్నాయి. ఎల్పీజీ ఆటోలవాళ్లకు ఈ బాధ మరీ బాగా తెలుసు. గ్యాసు పొడిగా కాలుతుంది, సీటుకు తడి అనేదే దొరకదు, టాపిట్లు వేగంగా బిగుస్తాయి. చాంద్రాయణగుట్ట వైపు ఆటో డ్రైవర్లు కొందరు పొద్దున్నే సెల్ఫు కొట్టినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టే టాపిట్ బిగుసుకుందని చెప్పేస్తారు.

ఇక పడవ మోటారు సంగతి. గుర్రపుడెక్క తీసే కాంట్రాక్టు పడవ నడిపే కుర్రాడు కిషన్‌బాగ్ నుంచి ఒక మోటారు తెచ్చాడు. 9.9 హార్స్ పవర్, రెండు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్, 1990ల నాటిది. ఎన్ని చేతులు మారిందో దాని మీద పూసిన రంగులే చెప్తున్నాయి.

"అన్నా, పొద్దుగాల తాడు ఒక్క గుంజుకు స్టార్టయితది. రెండు గంటలు నడిచినంక ఆపితే మళ్ల ఎంత గుంజినా లేస్తలేదు. చల్లారినంక మళ్ల మామూలే."

"చప్పుడేమన్నా వస్తుందా తమ్మీ?"

"అస్సలు లేదన్నా. కుట్టు మిషిను లెక్క పోతది."

ఆ చివరి మాటతోనే నాకు సగం అర్థమైంది. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడెక్కాక లేవని ఇంజను దగ్గర ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించడం మామూలు. తప్పు కాదు, కాయిల్ కూడా అలా చేస్తుంది. కానీ పాత ఫోర్ స్ట్రోక్ మోటారు, గుర్రపుడెక్క నిండిన చెరువు, చప్పుడు లేని తల, ఈ మూడూ కలిస్తే నేను ముందు రాకర్ మూత విప్పుతాను.

గుర్రపుడెక్కకూ వాల్వుకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. అవుట్‌బోర్డ్‌కు కారులో ఉండే రేడియేటర్ ఉండదు. కాలు కింది భాగంలో చిన్న చిల్లులుంటాయి, అక్కడ రబ్బరు రెక్కల ఇంపెల్లర్ చెరువు నీళ్లనే పీల్చి ఇంజను చుట్టూ తిప్పి బయటికి తోస్తుంది. నీళ్లు తిరుగుతున్నాయో లేదో తెలియడానికి పక్కన ఒక సన్నటి ధార కనిపించేలా పెడతారు. గుర్రపుడెక్క వేర్లు ఆ చిల్లులకు చుట్టుకుంటే ధార సన్నబడుతుంది. పడవ నడిపేవాడు ఎదురుగా ఉన్న మొక్కలను చూస్తాడు గానీ వెనకనున్న ధారను చూడడు. నీళ్లు కింది నుంచి పైకి పోతాయి కాబట్టి కొరత వచ్చినప్పుడు ముందు మాడేది పై సిలిండర్. ఆ మోటారు ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెడితే సంగతి కళ్లకు కట్టింది. కిందిది గోధుమరంగులో చక్కగా ఉంది, పైది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

టాపిట్ చూడాలంటే మోటారు పూర్తిగా చల్లగా ఉండాలి. కంపెనీవాళ్లు ఇచ్చే కొలత చల్లని ఇంజనుకే. అందుకని సాయంత్రం తెచ్చినదాన్ని రాత్రంతా షెడ్డులో ఇనుప స్టాండుకు తగిలించి పొద్దున్నే మొదలుపెట్టాను. ఎండ పడే చోట పెట్టకూడదు, మన మే నెల ఎండకు అల్యూమినియం హెడ్డు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ముందుగా పెట్రోలు పైపు తీయాలి, ఇంజను ఆపే తాడు క్లిప్పు లాగేయాలి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి, ప్లగ్గులు రెండూ విప్పాలి. ప్లగ్గులు తీస్తే కంప్రెషన్ ఉండదు, చేత్తో మెల్లగా తిప్పవచ్చు.

బుల్లెట్ నుంచి వచ్చినవాడికి ఇక్కడ తల తిరుగుతుంది. అవుట్‌బోర్డ్‌లో క్రాంకు నిలువుగా నిలబడి ఉంటుంది, సిలిండర్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకుని ఉంటాయి. ఫ్లైవీల్ నెత్తిన ఉంటుంది, రాకర్ మూత పడవకు వెనకవైపు తిరిగి ఉంటుంది. మూత విప్పగానే లోపలి ఆయిల్ కాళ్ల మీదికి కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోవాలి. బోల్టులు ఉక్కువి, బాడీ అల్యూమినియం. నీళ్లలో బతికిన మోటారులో ఈ రెండూ కలిసి తుప్పుతో అంటుకుపోతాయి. పానాకు పైపు తొడిగి బలంగా తిప్పితే బోల్టు తల విరిగి చేతికొస్తుంది, ఆ తర్వాత డ్రిల్లు, ట్యాపు, ఒక రోజు పని. తుప్పు వదిలించే ఆయిల్ ముందు రోజే కొట్టి, తల మీద సుత్తితో మెల్లగా తట్టి, కొంచెం బిగించి, అప్పుడు విప్పాలి. ముందు బిగించడం వింతగా అనిపిస్తుంది గానీ తుప్పు పట్టు విడిచేది ఆ చిన్న కదలికకే.

తర్వాత పై సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ పైకి తేవాలి. ఫ్లైవీల్ మీద, కామ్ పుల్లీ మీద గుర్తులుంటాయి, అవి ఎదురెదురు గుర్తులకు కలవాలి. పాత మోటార్లలో రంగు పోయి గుర్తు కనిపించకపోతే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పండి. గాలి వేలిని తోసిందంటే పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వస్తోంది. పిస్టన్ రెండు సార్లు పైకి వస్తుంది, గుర్తుంచుకోండి. ఒకసారి కంప్రెషన్‌కు, ఒకసారి పొగ వదలడానికి. రెండోదాని చివర రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచి ఉంటాయి, అక్కడ పెట్టిన సందు అబద్ధం. రాకర్లు రెండింటినీ వేళ్లతో ఆడించి చూస్తే తేలిపోతుంది, కంప్రెషన్ మీద ఉంటే రెండూ వదులుగా ఉండాలి. బిగుసుకున్న మోటారులో ఒకటి ఆడకపోవచ్చు, అప్పుడు గుర్తులనే నమ్మాలి.

తిప్పే దిక్కు విషయంలో మా కుర్రాళ్లను నేను గట్టిగా హెచ్చరిస్తాను. పై నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపే తిప్పాలి. గుర్తు దాటిపోయిందని వెనక్కి తిప్పితే కింద ఉన్న ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు ఎదురు వంగి విరుగుతాయి. గుర్తు దాటితే మళ్లీ ముందుకే పూర్తిగా తిప్పుకుని రావాలి.

ఫీలర్ గేజు అంటే పల్చటి ఉక్కు పలకల గుత్తి, ఒక్కో పలక మీద దాని మందం రాసి ఉంటుంది. నాది జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య దొరికింది. ఇలాంటి చిన్న మోటార్లకు ఇన్‌లెట్ సందు 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ సందు 0.20 నుంచి 0.30 దాకా ఉండటం మామూలు. మీ మోటారు పుస్తకంలో ఏముందో అదే లెక్క, నా అంకెలు కావు. ఒక జిరాక్సు కాగితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి మనం మాట్లాడుతున్నది రెండు మూడు కాగితాల సందు గురించి. సరైన పలక సందులోకి దూరి, లాగితే వేళ్లకు కొంచెం పట్టుగా తగలాలి. దానికంటే మందమైన పలక దూరకూడదు. ఈ రెండో పరీక్ష చేయనివాడి టాపిట్‌ను నేను నమ్మను.

ఆ మోటారులో పై సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర 0.05 పలక కూడా కష్టంగా దూరింది. పుస్తకం అడిగేది 0.20 నుంచి 0.30. కింది సిలిండర్‌ది 0.20. ఇన్‌లెట్లు రెండూ బాగానే ఉన్నాయి. పొద్దున చల్లని గాలికి ఆ 0.05 సందు వాల్వును మూసుకోనిచ్చేది. రెండు గంటలు నడిచాక కాండం సాగి సందు మొత్తం మింగేసేది. వాల్వు మూసుకోకపోతే కంప్రెషన్ ఉండదు, కంప్రెషన్ లేకపోతే తాడు ఎంత గుంజినా ఏం లాభం.

పాత ఇంజనులో ఇంకో మోసం ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే చోట తగిలి రాకర్ కొన మీద చిన్న గుంట పడుతుంది. వెడల్పాటి గేజు పలక ఆ గుంట మీద వంతెనలా కూర్చుంటుంది, గుంట లోతు లెక్కలోకి రాదు. గేజు 0.20 అంటుంది, అసలు సందు 0.30 ఉంటుంది. వేలి కొనతో తడిమితే గుంట తెలుస్తుంది. దాని కోసం పాత గేజు నుంచి రెండు పలకలను గుంటలో పట్టేంత సన్నగా అరగదీసి విడిగా పెట్టుకున్నాను. గుంట మరీ లోతైతే రాకర్ మార్చడమే మేలు.

సందు మార్చడం చేతులకు రావాల్సిన పని. లాక్‌నట్‌ను పానాతో వదులు చేసి, స్క్రూను తిప్పి, గేజు పలక పట్టుగా తగిలాక స్క్రూను కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. నట్టు బిగుసుకునేటప్పుడు స్క్రూను కొంచెం లాక్కుపోతుంది, సందు మారుతుంది. కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. కొలత మారితే మళ్లీ విప్పాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీంట్లో దగ్గరి దారి లేదు. పై సిలిండర్ అయ్యాక ఇలాంటి రెండు సిలిండర్ల మోటార్లలో ఎక్కువ వాటికి ఒక పూర్తి చుట్టు తిప్పితే కింది సిలిండర్ కంప్రెషన్ మీదికి వస్తుంది. నాలుగూ అయ్యాక మోటారును ఒకటి రెండు సార్లు పూర్తిగా తిప్పి మొదటి నుంచి మళ్లీ చూడాలి. పాత మోటారులో ఎగ్జాస్ట్ సందును పుస్తకం ఇచ్చిన హద్దుల్లో పై అంచుకు దగ్గరగా పెడతాను. కొంచెం టకటకమంటుంది, అననివ్వండి. ఆ కుర్రాడి మోటారుకు 0.25 పలక సులువుగా, 0.30 పలక పట్టుగా దూరేలా పెట్టాను.

మూత పెట్టే ముందు రెండు చూపులు చూసుకోవాలి. కామ్‌ను తిప్పే రబ్బరు బెల్టుకు పగుళ్లున్నాయా, మూత లోపలి ఆయిల్ తెల్లగా నురగ కట్టిందా. నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టే, అది వేరే పెద్ద పని. కంప్రెషన్ గేజు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. చిన్న ఫోర్ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి తాడు సులువుగా గుంజడానికి ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా ఎత్తి పట్టే ఏర్పాటు ఉంటుంది, దాంతో గేజు తక్కువ చూపిస్తుంది. అంకెను చూసి బెదరకండి, రెండు సిలిండర్లకూ దగ్గరగా వస్తున్నాయా అన్నదే చూడండి. తర్వాత మోటారును నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడపాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపినా ఇంపెల్లర్ రబ్బరు మాడిపోతుంది. ఆ రోజు డ్రమ్ములో బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, వెంటనే కుర్రాడి చేతికే తాడు ఇచ్చాను. లేచింది. తలలోంచి సన్నగా టకటక వస్తుంటే వాడి మొహం మాడింది. ఆ చప్పుడు ఎందుకు ఉండాలో విడమరిచి చెప్పాను, అలాగే నడిపేటప్పుడు వెనక ధార మీద ఒక కన్ను వేయమన్నాను.

మా షాపులో ఒక నోటుబుక్కు ఉంది. టాపిట్ సెట్ చేసిన ప్రతి ఇంజనుకూ రెండు అంకెలు రాస్తాం, విప్పినప్పుడు ఎంత ఉంది, బిగించినప్పుడు ఎంత పెట్టాం. చాలామంది మెకానిక్‌లు పెట్టినదే చూస్తారు, విప్పినప్పుడు ఉన్నదాన్ని సరిచేసి మరిచిపోతారు. నా దృష్టిలో ఆ మొదటి అంకెకే విలువ ఎక్కువ. పోయినసారి 0.25 పెట్టిన చోట ఈసారి 0.30 కనిపిస్తే రాకరో కామో అరుగుతోంది, తొందర లేదు. 0.25 పెట్టిన చోట 0.15 కనిపిస్తే సీటు కుంగుతోంది. ఆ వేగం చూసి హెడ్డు ఎప్పుడు దించాలో ముందే చెప్పవచ్చు.

2020 అక్టోబరులో కురిసిన వానలకు పాతబస్తీ ఎలా మునిగిందో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. హఫీజ్‌బాబా నగర్, అల్ జుబేల్ కాలనీ గల్లీల్లోకి చెరువు నీళ్లు వచ్చాయి, గుర్రం చెరువు కట్ట తెగింది. ఎన్‌డీఆర్‌ఎఫ్, సైన్యం పడవలు వేసుకుని వచ్చి మిద్దెల మీద ఉన్న పిల్లలను, ముసలివాళ్లను దించాయి. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. వరద కోసం ఉంచే మోటారు ఏడాదంతా ఒక మూల నిలబడి ఉంటుంది, ఒక రాత్రి మాత్రం తాడు గుంజగానే లేవాలి. నిలబడి ఉన్న ఇంజనులో ఏదో ఒక వాల్వు తెరిచి ఉంటుంది, తేమ లోపలికి చేరి సీటు మీద తుప్పు పడుతుంది, పాత పెట్రోలు కాండానికి జిగురు పట్టిస్తుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి మోటారును పక్కన పెట్టేటప్పుడు పెట్రోలు పూర్తిగా తీసేసి, ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ వేసి, తాడును మెల్లగా గుంజుతూ గట్టిగా పట్టు తగిలిన చోట ఆపాలి. ఆ సిలిండర్ కంప్రెషన్ మీద ఉన్నట్టు, దాని వాల్వులు మూసుకుని ఉన్నట్టు.

టాపిట్లు చూడటానికి మంచి సమయం మృగశిర కార్తెకు ముందు. దూద్‌బౌలివాళ్లు చేప మందు సిద్ధం చేసుకునే రోజుల్లో మేము పడవ మోటార్ల మూతలు విప్పుతాం. కిషన్‌బాగ్ కుర్రాడి మోటారు ఈ ఏడు కూడా వచ్చింది. వేడి మీద లేవకపోవడం మళ్లీ జరగలేదన్నాడు. పై సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర 0.20 పలక దూరింది, 0.25 దూరలేదు. ఒక్క సీజన్‌లో అంత తగ్గిందంటే సీటు కుంగుతూనే ఉంది. నోటుబుక్కులో రాసి వాడికి చూపించాను. వానాకాలం పని అయ్యాక హెడ్డు దించి, కొత్త సీటు వేయించి, వాల్వును పేస్టుతో రుద్ది కూర్చోబెట్టాలని చెప్పాను. దీపావళి దాటాక తెస్తానన్నాడు. అప్పటిదాకా నెలకోసారి చల్లని ఇంజను మీద ఆ ఒక్క వాల్వు కొలవమని, 0.15 పలక కూడా దూరకపోతే ఆ రోజే పడవ కట్టేసి మోటారు తెమ్మని చెప్పి, అరగదీసిన సన్న పలకల్లో ఒకటి వాడి చేతికిచ్చాను.